దులపని దుప్పటి

ఆ హోటల్లో ఆమెను అందరూ మడతల పిన్ని అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆమె పరిచిన పక్క మీద దుప్పటి మూలలు అంటించిన కవరు అంచుల్లా ఉండేవి. చీమ నడిస్తే కాలు జారి పడుతుందని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు.

ఇరవై ఏడేళ్ళుగా మూడో అంతస్తు ఆమెది. రోజుకు పద్నాలుగు గదులు, గదికి ఇరవై ఐదు నిమిషాలు. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు మొదటి రోజు ఆమె చెప్పే పాఠం ఒక్కటే.

“దుప్పటి లాగాక దులపండమ్మా. దులపకుండా మూట కట్టారో, మీ కొంప మీదికే వస్తుంది. నిద్రలో జనం ఏం వదిలేస్తారో జనానికే తెలీదు.”

అలా దులిపినప్పుడు రాలినవి ఆమె చాలా చూసింది. కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు, ఒకసారి పెళ్ళి ఉంగరం, ఇంకొకసారి నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం. అన్నీ కింద అప్పజెప్పేసింది. ఉత్తరం మాత్రం చదవలేదని చెప్పింది. చదివిందని ఆమె మొహమే చెప్పింది.

ఇంకొక నియమం ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలుసు. అతిథి పక్క మీద పనివాళ్ళు కూర్చోకూడదు. కూర్చుని కనిపిస్తే ఆ రోజే ఆఖరు. కూతురు కడుపులో ఉండగా కళ్ళు తిరిగినా ఆమె స్నానాలగదిలో తొట్టి అంచు మీద కూర్చుంది తప్ప, అడుగు దూరంలో ఉన్న మెత్తటి పరుపు వైపు వెళ్ళలేదు. ఇరవై ఏడేళ్ళలో ఆమె పరిచిన పక్కలు వరసగా పేరిస్తే ఊరు దాటిపోతాయేమో. వాటిలో ఒక్కదాని మెత్తదనం కూడా ఆమె ఒంటికి తెలియదు, చేతులకు తెలుసు.

అందుకని ఆమెకొక కోరిక పుట్టింది. ఎక్కడైనా దూరదేశంలో, తనను ఎరిగినవాళ్ళు లేనిచోట, కిటికీలోంచి సముద్రం కనిపించే గదిలో పొద్దున పది దాకా పడుకోవాలి. లేచి, దుప్పటి ఎక్కడిదక్కడ తన్నేసి బయటికి పోవాలి. తిరిగొచ్చేసరికి ఎవరో సర్ది ఉండాలి. ఈ సంగతి మొగుడికి ఒక్కడికే చెప్పింది. ఆయన లిఫ్టుల మెకానిక్కు. జీవితమంతా పైకీ కిందికీ తిరిగాడే తప్ప పక్క ఊరికి పోయింది తక్కువ.

“ఒక మంచం కోసం విమానం ఎక్కాలిటే? మనింట్లోనే పడుకో పది దాకా. నేను లేపితే ఒట్టు,” అన్నాడాయన.

“లేచాక పక్క ఎవరు తీస్తారు?”

ఆయన స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ లేచి వెళ్ళిపోయాడు.

కూతురు బడిలో లెక్కలు చెప్తుంది. సెలవుల్లో అందరం కలిసి వేరే దేశం వెళ్దామని పట్టుబట్టింది కూతురే. ఒక కాగితం తీసి, ఒక్కొక్కరికీ ఒక్కొక్క కోరిక, అది తీర్చకుండా తిరిగి రాకూడదని షరతు పెట్టింది. మనవరాలు జెల్లీచేపను చూడాలంది. అల్లుడు ఫోను మోగని చోటు కావాలన్నాడు. మెకానిక్కు తీగ మీద వేలాడుతూ కొండెక్కే పెట్టె ఎక్కాలన్నాడు, వీలైతే దాని మోటారు కూడా చూపించాలన్నాడు.

“నీకేం కావాలమ్మా?”

“మంచి మంచం,” అంది ఆమె.

అందరూ పడీ పడీ నవ్వారు. కూతురు నవ్వుతూనే ‘అమ్మ: విశ్రాంతి’ అని రాసింది.

పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు అత్తవారితో కూతురు, “అమ్మ హోటల్ మేనేజ్‌మెంట్‌లో ఉంది,” అని చెప్పుకుంది. నీళ్ళు కలిపిన పాలు పాలు కావని అనలేం, అలాంటి మాట అది. అయిదేళ్ళుగా ఆ మాట అలాగే నడుస్తోంది. వియ్యపురాలు వచ్చినప్పుడల్లా పిన్ని చాకలిసోడా వాసన వేసే చేతులు వెనక్కి పెట్టుకుని మాట్లాడేది.

వాళ్ళు దిగిన హోటలు సముద్రానికి రెండు వీధుల అవతల. అయిదుగురికీ కలిపి ఒకటే పెద్ద గది, రెండు పెద్ద మంచాలు. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, గోడ చివర ఒక చారెడు సముద్రం. ఆమెకు అదే చాలనిపించింది. గదిలోకి వస్తూనే కర్టెను అంచు పట్టుకుని చూసింది, తలుపు మీద వేలు రాసి దుమ్ము చూసుకుంది.

“అత్తయ్యగారు ఇన్‌స్పెక్షన్ మొదలుపెట్టారు,” అన్నాడు అల్లుడు సరదాగా.

కూతురు నవ్వలేదు.

మొదటి పొద్దున అయిదింటికే మెలకువ వచ్చేసింది. చేతులు ఊరుకోలేదు. తన పక్క తీసి, మడతలు పెట్టి, ఇంకా నిద్రపోతున్న మనవరాలి కాళ్ళ దగ్గర దుప్పటి అంచు కూడా సర్దింది. కూతురు లేచి చూసి, స్నానాలగదిలోకి పిలిచి తలుపు వేసింది.

“ఇక్కడ నువ్వు గెస్టువమ్మా. ఆయన ముందు ఇవన్నీ ఏంటి? నా పరువు తీయకు, నీకు పుణ్యముంటుంది.”

“చెయ్యనులే,” అంది పిన్ని.

రెండో పొద్దున నిజంగానే ఏమీ చెయ్యలేదు. ఎనిమిదిన్నర దాకా కళ్ళు మూసుకుని పడుకుంది. అందరూ కిందికి వెళ్ళాక దుప్పటి చిందరవందరగా వదిలేసి, దొంగతనం చేసినట్టు వెనక్కి వెనక్కి చూసుకుంటూ బయటికి వచ్చింది. వరండాలో ఆ మనిషి కనిపించింది.

తన ఈడే ఉంటుంది. బూడిదరంగు గౌను, జేబు మీద ఏదో కంపెనీ గుర్తు. ట్రాలీని తోస్తూ నాలుగడుగులకొకసారి ఆగి, ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. ఆ ఊపిరి పిన్నికి తెలుసు. పరుపు మూల ఎత్తినప్పుడు వెన్నులో కింద ఎక్కడ పట్టేస్తుందో, పట్టేసినప్పుడు ఎవరూ చూడకుండా గోడకు ఎలా ఆనుకోవాలో తెలుసు. ఆ మనిషి పక్కకు జరిగి, గోడకు అతుక్కుని దారి ఇచ్చింది. అదీ నియమమే. ఎదుటివాళ్ళు అతిథులైతే పనివాళ్ళు గోడలో కలిసిపోవాలి. తనకు ఒకళ్ళు అలా దారివ్వడం పిన్ని జన్మలో అదే మొదటిసారి. ఆ రోజంతా చేపల ప్రదర్శనలో అద్దాల ముందు నిలబడినా, జెల్లీచేపను చూసి మనవరాలు కేరింతలు కొట్టినా, ఆమె మనసు అక్కడే వరండాలో తిరిగింది. పరుపు ఎంత బరువుందో ముందురోజు పొద్దున తానే చూసింది కదా.

మూడో పొద్దున అందరూ కిందికి తినడానికి వెళ్తుంటే, “మీరు పదండి, జడ వేసుకుని వస్తా,” అంది.

తలుపు మూసుకోగానే పనిలోకి దిగింది. కూతురు ఏదో మరిచిపోయి వెనక్కి వస్తుందేమోనని చెవి తలుపు మీదే ఉంది. దిండ్ల గలీబులు గుంజింది. రెండు మంచాల దుప్పట్లు నాలుగు మూలలూ ఒక్కసారి మధ్యకు లాగి, ఒకదానిలో ఒకటి దూర్చి మూట బిగించింది. మొత్తం కలిపి మూడు నిమిషాలు పట్టలేదు. మూట బయట తలుపు పక్కన పెట్టేసరికి ఆ మనిషి ట్రాలీతో వచ్చింది. మూటను చూసింది, లోపల ఒట్టి పరుపుల్ని చూసింది, పిన్ని చేతుల్ని చూసింది. ఆ కట్టిన ముడి చూస్తే తెలియదూ, ఇది ఎవరి పనో! అరచెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచింది. పిన్ని తన నడుం మీద చెయ్యి వేసుకుని మొహం చిట్లించి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. మాట అక్కర్లేకపోయింది. ఆ సెలవులన్నిటిలో ఆమె మనసారా నవ్వింది ఆ ఒక్కసారే.

సాయంత్రం సముద్రం నుంచి వచ్చి తల ఆరబెట్టుకుంటూ కూతురు, “నా దుద్దులేవి?” అంది.

ముందు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత సూట్‌కేసులు తిరగేశారు. బల్ల సొరుగులు లాగారు. మెకానిక్కు టార్చి పట్టుకుని మంచం కింద దూరాడు.

“ఎక్కడ పెట్టావే సరిగా గుర్తు తెచ్చుకో,” అన్నాడు లోపల్నుంచి.

“పొద్దున ఉప్పునీళ్ళు తగుల్తాయని తీశాను నాన్నా. కాగితం రుమాల్లో చుట్టి దిండు పక్కన పెట్టా. తినొచ్చి లోపల పెడదామనుకున్నా. వచ్చేసరికి పిల్ల గోలలో పడి మర్చిపోయా.”

దిండు పక్కన. పిన్ని పొద్దున చేసిన పని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. దుప్పటి లాగింది, మూట కట్టింది. మధ్యలో చెయ్యాల్సిన పని చెయ్యలేదు. దులపలేదు. దులిపితే చప్పుడవుతుంది, కూతురు వచ్చి చూస్తే మళ్ళీ పరువు మాట వస్తుంది అని హడావిడి పడింది. వందమందికి నేర్పిన పాఠం, తన వంతు వచ్చేసరికి తప్పిపోయింది.

“ఇంకెవరు వచ్చారు గదిలోకి? ఆ క్లీన్ చేసే ఆవిడ తప్ప!” అన్నాడు అల్లుడు. మంచివాడే. కానీ ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో!

కింద మేనేజరు చాలా మర్యాదస్తుడు. అయ్యో అన్నాడు, కుర్చీలు వేయించాడు, ఆ మనిషిని పిలిపించాడు. ఆమె అప్పటికే బట్టలు మార్చుకుని ఇంటికి బయల్దేరినట్టుంది. చేతిలో కూరగాయల సంచి. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో ముందు పట్టుకుని నిలబడింది. మేనేజరు ఏదో అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. తలుపు ఉండే వైపు చూపించింది, నేలవైపు చూపించింది, చేతులతో గుండ్రంగా మూట ఆకారం చేసింది. తర్వాత పిన్ని వైపు చూసింది. వేలు చూపించలేదు. చూసింది, అంతే.

“ఏమంటోంది?” అంది కూతురు.

“ఏమోనే, అర్థం కావట్లేదు,” అన్నాడు అల్లుడు.

ఆ భాషలో ఒక్క ముక్క రాని పిన్నికి మొత్తం అర్థమైంది. పక్కలు నేను తీయలేదయ్యా, మూట గుమ్మం దగ్గరే ఉంది, ఈవిడకు తెలుసు. మేనేజరు అరచెయ్యి ఎత్తి ఆ మనిషిని ఆపేశాడు. అతిథుల ముందు అతిథుల మీదికి మాట నెట్టకూడదు. ఆ అరచెయ్యి కూడా పిన్నికి కొత్త కాదు. తన ముందూ లేచింది ఎన్నోసార్లు.

ఆమె నోరు తెరిచింది కూడా. కూతురి వైపు చూసింది. తడి జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు, పక్కన అల్లుడు. ‘నా పరువు తీయకు, నీకు పుణ్యముంటుంది.’ తెరిచిన నోరు ఆవలింతలా మూసుకుంది.

ఆ మనిషి కళ్ళు దించుకుంది. సంచి పట్టుకుని, గోడ వెంబడే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

జరిగినదానికి క్షమాపణగా మేనేజరు పెద్దవాళ్ళిద్దరికీ పై అంతస్తులో వేరే గది ఇచ్చాడు. గోడంత కిటికీ. కిటికీ నిండా సముద్రం. రాజుగారి పాన్పులాంటి మంచం.

“చూశావుటే, నీ మంచం నిన్ను వెతుక్కుంటూ వచ్చింది,” అన్నాడు మెకానిక్కు, ఆమెను నవ్వించాలని.

మర్నాడు పొద్దున పది కొట్టేదాకా ఆమె లేవలేదు. కళ్ళు తెరుచుకునే పడుకుంది. పరుపు మెత్తగానే ఉంది. సముద్రం మెరుస్తూనే ఉంది. ముళ్ళ మీద పడుకున్నా అంతకన్నా సుఖంగా ఉండేదేమో. పదిన్నరకు ఎవరో తలుపు తట్టారు. ఆమె పరుగున వెళ్ళి తీసింది. ట్రాలీ పట్టుకుని ఇరవయ్యేళ్ళ పిల్ల నిలబడి ఉంది.

పిన్ని ఆ పిల్లను దాటుకుని వరండాలోకి వచ్చేసింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఏ హోటల్లోనైనా పనివాళ్ళ మెట్లు ఎక్కడుంటాయో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అతిథులకు కనబడకుండా గోడ రంగే వేసిన తలుపు ఒకటి ఉంటుంది. దాన్ని తోసింది. తడి ఆవిరి వాసన పట్టుకుని కిందికి దిగింది.

లాండ్రీలో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మగాయన. నైటీతో, వట్టికాళ్ళతో వచ్చిన అతిథిని చూసి బిత్తరపోయారు. ఆమె పెద్ద యంత్రం దగ్గరికి పోయి కిందికి వంగి, మురికినీళ్ళు పోయే గొట్టం దగ్గరున్న మూత మీద తట్టింది. తిప్పమని చేత్తో చూపించింది. మగాయన ఆమె చేతులకేసి ఒక్క క్షణం చూసి, మారుమాట్లాడకుండా మూత తిప్పాడు. జల్లెడలోంచి తడి నూలు ముద్ద, రెండు గుండీలు, జుట్టు పిన్నులు వచ్చాయి. ఆమె నేలమీద కూర్చుని ఆ ముద్దను పోగు పోగుగా విడదీసింది. ఒక దుద్దు దొరికింది. కొక్కెం వంగిపోయింది. రెండోది ఎంత వెతికినా లేదు.

అదే వేషంతో రిసెప్షన్ దగ్గరికి వెళ్ళి, మేనేజరు బల్ల మీద దుద్దు పెట్టింది. అల్లుణ్ణి పిలిపించింది. వెనకే కూతురూ వచ్చింది.

“చెప్పండి బాబూ ఆయనకి. పక్కలు తీసింది నేను. దులపకుండా మూట కట్టింది నేను. ఇరవై ఏడేళ్ళుగా ఇదే నా పని, అయినా తప్పు చేశాను. ఆవిడ గదిలోకి రాకముందే ఇవి పోయాయి. ఉన్నదున్నట్టు చెప్పండి.”

అల్లుడు భార్య వైపు చూడకుండా, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాడు. మేనేజరు మొహం విప్పారింది. వస్తువు దొరికింది కదా, చాలా సంతోషం అన్నాడు. ఆ మనిషి తమ మనిషి కాదట. పనివాళ్ళను పంపే కంపెనీ ఒకటుందట. నిన్న సాయంత్రమే వాళ్ళకు ఫోన్ చేసి ఇక పంపొద్దని చెప్పేశారట. మళ్ళీ పిలవొచ్చు కదా అంటే, ఆ నవ్వు అలాగే ఉంచి, అది మా చేతుల్లో లేదన్నాడు. పేరు అడిగితే, ఎంతమంది వచ్చారనే తప్ప పేర్లు తమ దగ్గర ఉండవన్నాడు. పై గది సౌకర్యంగా ఉందా అని అడిగాడు.

గదిలోకి వచ్చాక కూతురు మంచం మీద కూలబడింది.

“నిన్న ఒక్క మాట నాతో అనుంటే సరిపోయేది కదమ్మా. పోతే పోయాయి దుద్దులు. నేనేమైనా అనేదాన్నా?”

“అనేదానివి,” అంది పిన్ని.

కూతురు కాదనడానికి తల ఎత్తింది. ఎత్తిన తల మళ్ళీ దించేసింది.

ఆఖరి రోజు తీగ పెట్టె ఎక్కాల్సిన రోజు. మెకానిక్కు పొద్దున్నే తయారై బూట్లు కూడా వేసుకున్నాడు. పిన్ని గుమ్మం దగ్గర నిలబడి, “నేను ఆ కంపెనీకి వెళ్తానండీ. మీరు కొండకి వెళ్ళిరండి,” అంది.

ఆయన కిటికీలోంచి కొండను చూశాడు. తీగ సన్నగా ఎండలో మెరుస్తోంది.

“దాని మోటారు ఏముంటుందిలే, మన లిఫ్టు మోటారే అడ్డంగా పడుకోబెట్టుంటారు. పద,” అన్నాడు. ఆయన అన్న వేళాకోళాలన్నిటిలో నవ్వు రానిది అదొక్కటే.

అల్లుడు తోడు వచ్చాడు. కూతురు పిల్లతో గదిలోనే ఉండిపోయింది. రెండు బస్సులు మారి వెళ్ళారు. కంపెనీ అంటే తాళాల కొట్టు పైన ఒక ఇరుకు గది. గోడ వారగా పొడుగాటి బల్ల. దాని మీద ఆరుగురు ఆడవాళ్ళు పని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. కిటికీ వెనక గుమస్తా ఏదో నములుతున్నాడు. పిన్ని చెప్పిందంతా ఆ భాషలో రాయించి, కింద తన సంతకం పెట్టిన కాగితం అల్లుడు ఆయన ముందుంచాడు.

గుమస్తా చదివాడు. వేళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

“ఇది ఏ మనిషి పేరు మీద పెట్టమంటారు?” అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు. ఆ హోటలుకు రోజుకొక గుంపును పంపుతారట. ఎవరు ఏ అంతస్తుకు పోతారో అక్కడికి వెళ్ళాకే తేలుతుందట. ఒకరిని పంపొద్దంటే మొత్తం గుంపునే మార్చేస్తారట.

అల్లుడు ఆమె వైపు తిరిగాడు. “పేరు తెలుసా అత్తయ్యా?”

ఆమెకు తెలియదు. ఇద్దరూ నవ్వుకున్నారు కానీ పేరు అడగలేదు. “నా ఈడే ఉంటుంది. బూడిదరంగు గౌను వేసుకుంది. నడుస్తూ నడుస్తూ ఆగి, ఇదిగో ఇలా, నడుం మీద చెయ్యి పెట్టుకుంటుంది.”

చేసి చూపించింది. అల్లుడు తిప్పి చెప్పాడు. గుమస్తా పగలబడి నవ్వలేదు, వెటకారమూ చెయ్యలేదు. కాగితం వెనక్కి తోస్తూ, గోడవారగా ఉన్న బల్లవైపు గడ్డం ఆడించి నెమ్మదిగా ఏదో అన్నాడు.

“ఏమంటున్నాడు బాబూ?”

అల్లుడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ చెప్పాడు. “ఇక్కడికొచ్చే వాళ్ళంతా అలాగే నడుస్తారట.”

పిన్ని వెనక్కి తిరిగింది. బల్ల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క మొహం ముందూ ఆగి చూసింది. వాళ్ళలో ఆ మనిషి లేదు. ఆరుగురూ ఆమె అతిథి అనుకుని, దారి ఇవ్వడానికి కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నారు.